నేర్పని దరువు

గా బల్ల మీద టకటక ఆపురా జర, తలకాయ నొస్తుంది. ఏందీ, డ్రమ్ము క్లాసుకు పోతున్నవా? అయితె గిట్ల కూసో, మన ఉప్పల్ బాలనర్సింహ ముచ్చట జెప్త. వాని నాయిన పోశయ్య. ఊర్ల ఎవరు పోయినా సావుడప్పు ఆయనదే. కొడుకును మాత్రం డప్పు ముట్టనియ్యలే. "గీ దరువు నాతోనే పోవాలె" అనేటోడు. ముసలాయనకు ఒక్కటే పంతం, పోరడు సావిండ్ల ముంగట నిలవడి గింజలకు చెయ్యి సాపొద్దని.

అట్లనే అయింది. అరవై ఎనిమిదో తొమ్మిదో, యాది లేదు, వాడు నాచారంల ఫ్యాక్టరీ నౌకరికెక్కిండు. ఆడ క్లబ్బుల జాజ్ సెట్టు ఉండె, నువ్వు నేర్చుకునే డ్రమ్ముల అసోంటిదే. బెజవాడ దిక్కాయన దామోదర్ మాస్టర్ నేర్పిండు, ఏ చెయ్యెన్క ఏ చెయ్యి కొట్టాల్నో, కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. "ఒక్క డ్రమ్ము మీద కొడితే పాఠమేనోయ్, అన్నిటి మీదా తిప్పితేనే పాట. నీ సొంతంగా ఏదన్నా తియ్యి" అనేటోడు. ఫ్యాక్టరీ వార్షికోత్సవం దగ్గరికొచ్చిందని మనోడు సెట్టును రిక్షల ఇంటికే తెచ్చిండు.

ఇగ ఆదివారం పగటీలి, కండ్లు మూసుకొని తిప్పుతుండు. ఒగ డ్రమ్ము మీదికెల్లి ఇంకోదాని మీదికి, ఆడికెల్లి తాళాల మీదికి. మస్తు కుషిల ఉన్నడు. తిప్పంగ తిప్పంగ చేతులు ఏడికి పోయినయో ఎరికేనా? సావుదరువుకు. చిన్నప్పుడు నాయిన ఎన్కెన్క తిరిగినోడాయె! అప్పట్ల ఆ దరువు ఇనవడితే ఊర్ల ఎవరో పోయినట్టే, పొయ్యి ఆర్పాలె. గల్లీల ఆడోళ్లంత పొయ్యిల నీళ్లు గుమ్మరిచ్చిన్రు. మొగోళ్లు తువ్వాల బుజానేసుకొని వచ్చిన్రు. పక్కింటి రుక్కమ్మ అయితే "ఓ పోశన్నా" అని శోకం వెట్టుకుంటనే లోపటికి ఉరికింది. సూస్తే పోశన్న మంచం మీద కూసొని దగ్గుతుండు.

నవ్వకు. నవ్వే ముచ్చట కాదు గది. ముసలాయన తిట్టలే, కొట్టలే. "నేను నేర్పలే గదరా" అన్నడు, అంతే. ఊరోళ్లు ఇన్నరు గద, ఇడుస్తరా? ఆ నెలల్నే పోశయ్య పోయిండు. ఎన్క వార్షికోత్సవం నాడే పటేలింట్ల సావయింది. స్టేజి కాడికే మనిషిని తోలిన్రు. "నీకొస్తది, మేమిన్నం, నడువు." ఊర్ల ఇల్లుండి కాదంటె బతకనిస్తరా ఆ దినాల? ఆర్కెస్ట్రా కోటు ఇప్పి పోయిండు. పాపం, జాజ్ సెట్టు మల్ల ముట్టలే. సచ్చేదాంక డప్పే కొట్టిండు.

వానికో కొడుకు పుట్టిండు. ఊర్ల సావంటె సాలు, ముందుగాల పోరణ్ని కీసరల మేనత్తింటికి తోలేటోడు, ఆ సప్పుడు చెవుల వడొద్దని. బాలనర్సింహ పోయిననాడు సూడాలె. పాడె లేసింది, నడిసింది, డప్పు కొట్టేటోడు లేడు, మా కాళ్ల సప్పుడు తప్ప ఏం లేదు. ముంగట ఆ పోరడు నిప్పుకుండ వట్టుకొని...

ఆ. లే, కరెంటొచ్చినట్టుంది, మోటరెయ్యి.