పక్క తలుపు మీద గీత

ఆ పొడిగుడ్డ అవతల పారేయవే తల్లీ. చూడక్కర్లేదు, ఆ చప్పుడు వింటేనే తెలిసిపోతోంది, బరబరమంటోంది. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి రుద్దడమంటే గరుకు కాగితంతో మొహం తుడుచుకోవడమే అనేవాడు మీ తాతయ్య. ముందు నీళ్లు పొయ్యి. పైనుంచి పొయ్యాలి, దుమ్మంతా దానంతటదే జారిపోయేదాకా అలా పోస్తూనే ఉండాలి, ఆ తర్వాత తడిగుడ్డ, అదీ గుండ్రంగా తిప్పకుండా ఇటునుంచి అటు తిన్నగా లాగాలి. నాకెలా తెలుసంటావేమే? ఆయన చెల్లెల్ని కదూ, ఈ పాఠం వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మనం బయల్దేరడానికి ఇంకా టైముందిగా, నేనిలా గట్టు మీద కూర్చుంటాను, నువ్వు కడుగుతూ విను. ఇంతకీ నీ కొత్త కారుది ఏం రంగన్నావు? ముదురు నీలమా? సరిపోయింది. అన్నయ్యదీ అదే. ఆ రంగు వద్దు, చిన్న గీత పడినా దాగదు అని అందరం మొత్తుకున్నాం. దాగకూడదనేగా కొంటున్నాను అన్నాడు మహానుభావుడు.

నువ్వు పుట్టేనాటికే పోయాడు, నీకేం తెలుస్తుంది పాపం. ఫొటోలో చూసుంటావు, ఆ ఫొటోలో కూడా పక్కన కారుంటుంది చూడు. వీధిలో అద్దం మేస్త్రీ అనేవాళ్లు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీయడం తన పని, అందుకని ఆ పేరు. కారు కొన్నాక ఆ పేరు ఇంకా బాగా అతుక్కుంది. పోనీ అదేమన్నా పెద్ద గొప్ప కారా? ఎవరో వాడి వాడి వదిలించుకున్నది. రోజూ దాంట్లోనే పనికి, దాంట్లోనే బజారుకి. రోజూ రోడ్డెక్కే బండికి గీతలు పడకుండా ఎలా ఉంటాయిరా నాయనా అంటే వినేవాడు కాదు. ఇంటి పక్క రేకుల షెడ్డు వేయించాడు, గోడకి ట్యూబులైటు పెట్టించాడు. ఆ లైటు వెలుతురు కారు మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క గీటులా పడాలట, ఎక్కడా చెదరకూడదట. చెదిరిందంటే అక్కడ రంగు మీద గీతున్నట్టు. దుకాణంలో అద్దాలు చూసే చూపే అది. కారు ముందు గొంతుక్కూర్చుని, తల ఇటు వాల్చి, అటు వాల్చి, ఒక కన్ను మూసి చూసేవాడు. మా వదిన, అదే మీ నానమ్మ, గుమ్మంలో నిలబడి, మా పెళ్లిలో నా మొహం కూడా అంతసేపు చూడలేదమ్మా అనేది నాతో. కోపంగా కాదులే. కొంచెం కోపంగానే.

ఇక ఆ కారెక్కాలంటే ఎన్ని షరతులో. తలుపుకి ఆనుకోకూడదు. సంచి గుండీలు రంగుకి తగలకూడదు. పిడి వెనకాల గోళ్లు గీసుకుంటాయి, వేలి కొసతోనే తియ్యాలి. మా ఆయన ఒకసారి, గోళ్లు కత్తిరించుకొస్తే ఎక్కనిస్తారా బావగారూ అని అడిగాడు వెటకారంగా. అన్నయ్య నిజమే అనుకుని ఆయన చేతులకేసి చూశాడు, ఫరవాలేదు అన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది నాకు. ఇంకో సంగతి చెప్పేవాడు, ఇది గుర్తుపెట్టుకో, నీక్కూడా పనికొస్తుంది. గీత పోవాలంటే పాలిష్ పెట్టి రుద్దాలి, కానీ రుద్దినప్పుడల్లా గీతతోపాటు రంగు కూడా కాస్త అరుగుతుంది. అందుకని ఒకచోట మాటిమాటికీ రుద్దకూడదు. ఎప్పుడో ఒకసారి, ఒకే ఒక్కసారి, బండంతా బాగుచేసుకుని లైటు కింద పెట్టి చూసుకోవాలి, చాలు నాకు, అనేవాడు. పిచ్చి అనుకో. కానీ ఏ పిచ్చీ లేని మగవాళ్లని కూడా చూశాన్లే, వాళ్ల సంగతి ఇప్పుడెందుకు.

మా అమ్మ సంగతి చెప్తేగానీ నీకిది అర్థం కాదు. నాన్న పోయాక అమ్మ రెండు వీధుల అవతల ఒక్క గదిలో ఉండేది, కుట్టు మిషను పెట్టుకుని. స్కూళ్లకి యూనిఫారాలమ్మే దుకాణానికి పిల్లల చొక్కాలు కుట్టేది. వయసు మీదపడింది, నాకేమో భయం. కళ్లు మందగించాయేమో అని అనుమానం వచ్చినప్పుడల్లా, ఆ మిషను అమ్మేసి మా ఇంటికి వచ్చెయ్యమ్మా అని వెంటపడేదాన్ని. నా కళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి అనేది. సరే, అన్నయ్య దుకాణంలో చూపించుకో, అక్కడ తేడా వస్తే మాత్రం నా మాట వినాలి అన్నాను. వింటానంది. వెళ్లింది. గోడకి అక్షరాల అట్ట ఉంటుంది కదా, పైన పెద్దవి, కిందకొచ్చేకొద్దీ చిన్నవి, గడగడా కింది వరుస దాకా చదివేసిందట. ఇంకేమంటాను? తన గది తనది, తన మిషను తనది.

వారానికోసారి అన్నయ్యే కారులో అమ్మనీ, బట్టల మూటనీ ఆ దుకాణానికి తీసుకెళ్లేవాడు. చూశావా, ఎవరెక్కినా ముల్లు గుచ్చుకున్నట్టు చూసే మనిషి, అమ్మ ఎక్కితే మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు. అలాంటిది, బండంతా ఇంచుమించు బాగుపడి, ఇక ఆ లైటు ముచ్చట తీరబోతోంది అనుకున్న రోజుల్లో పక్క తలుపు మీద గీత పడింది. పిడి దాకా, సన్నగా, తిన్నగా. రుద్ది పోగొట్టాడు. వారం తిరిగేసరికి మళ్లీ అక్కడే. ఇంక చూడు ఇంట్లో. పిల్లి అన్నాడు. పాలవాడి క్యాను అన్నాడు. పక్కింటి పిల్లల్ని పిలిచి జేబులు చూశాడు, వాళ్లమ్మ చేత మాటలు పడ్డాడు. ఆఖరికి నా మీదకొచ్చాడు. మా ఇంటికొచ్చి, ఏదీ చెయ్యి చూపించు అని నా గాజులు అటూ ఇటూ తిప్పి చూశాడే. నాకు ఒళ్లు మండిపోయింది. నీ డొక్కు బండి నాకక్కర్లేదు, అన్నాచెల్లెళ్ల మధ్య గాజులు లెక్కపెట్టుకునే రోజులొచ్చాయి అని దులిపేశాను. ఆ తర్వాత చాన్నాళ్లు ఆ కారెక్కలేదు నేను. ఎక్కకపోయినా గీత పడుతూనే ఉంది చూడు, అందుకైనా వచ్చి క్షమించమని అడగాలా వద్దా? అడగలేదు. కానీ ఉన్నట్టుండి వాకబు చెయ్యడం మానేశాడు. ఎవర్నీ ఏమీ అనడం లేదు. వారం వారం ఆ తలుపు దగ్గర కూర్చుని మాట్లాడకుండా రుద్దుకుంటున్నాడు, అంతే. ఏమైందని వదిన అడిగితే చెయ్యి ఊరికే ఉండట్లేదు అన్నాడట.

ఇంకో విడ్డూరం. ఒకసారి అమ్మ గదికి వెళ్తే, సూదులు గుచ్చుకునే దిండు నిండా సూదులు, ప్రతి సూదికీ దారం ఎక్కించి ఉంది. ఇన్నెందుకమ్మా ఒక్కసారే అంటే, ఎదురింటి పిల్ల ఎక్కించిపెట్టిందిలే, పని త్వరగా తెములుతుంది అంది. అవునేమో అనుకున్నాను. మనకి కళ్లున్నాయిగా, చూస్తాం, చూసి ఊరుకుంటాం.

ఎక్కడిదాకా వచ్చాను? ఆ, తలుపు. ఒకే చోట అన్నిసార్లు రుద్దితే ఏమవుతుందో తనే చెప్పాడు కదా, అదే అయింది. రంగంతా అరిగిపోయి కింద బూడిదరంగు పూత బయటపడింది, పిడి పక్కన ఇంత పట్టీలా. అందరికీ సుద్దులు చెప్పే అద్దం మేస్త్రీ తన కారు తనే చిల్లుపడేలా రుద్దేశాడని వీధంతా ఒకటే నవ్వు. మా ఆయనైతే వారం రోజులు నవ్వాడు. అన్నయ్య ఎవరికీ ఎదురు చెప్పలేదు. చెయ్యి ఎక్కువ పడింది అని తనూ నవ్వాడు. అంత ముచ్చటపడ్డ మనిషి. నాకు గాజుల కోపం ఇంకా ఉంది, అయినా ఇక చాలించండి ఆ నవ్వు అని మా ఆయన్ని కసిరాను.

ఆ రోజుల్లోనే అమ్మ నన్ను పిలిచి తన వేలి ఉంగరం తీసి ఇచ్చింది. నాన్న పెట్టిన ఉంగరం అది, ఎప్పుడూ తియ్యదు. చిక్కిపోయి వేలికి వదులైంది, రాయి అస్తమానం లోపలికి తిరిగిపోతోంది, నువ్వు పెట్టుకో అంది. పెట్టుకున్నాను. మర్నాడు అన్నయ్య మా ఇంటికొచ్చి నా చెయ్యి చూశాడు. మళ్లీ గాజుల గోల మొదలెడతాడేమో అనుకుని నేను రెడీగా ఉన్నాను. అదేం కాదు. మంచినీళ్లు అడిగి, తాగకుండానే వెళ్లిపోయాడు.

అమ్మ ఆ మిషను ముందే పోయింది. పొద్దున కుట్టుకుంటూ కుట్టుకుంటూ తల వాల్చేసింది. అందరూ వచ్చి వెళ్లాక, ఒకరోజు షెడ్డులో కూర్చున్నాం ఇద్దరం. ఆ తలుపుకి కొత్త రంగు వేయించెయ్యి అన్నయ్యా, ఊరందరికీ లోకువైపోతున్నావు అన్నాను. అప్పుడు చెప్పాడు. ఆ గీత అమ్మదే. మూట డిక్కీలో పెడుతూ తలెత్తి చూశాడట. అమ్మ తన వైపు మొహం పెట్టి నవ్వుతూ కబుర్లు చెప్తోంది, చెయ్యి మాత్రం బండిని తడుముకుంటూ వస్తోంది, పిడి దొరికేదాకా. లోపలికి తిరిగిన రాయి గీసుకుంటోంది. అమ్మకి తెలీదు. నమ్మలేక, మర్నాడు తన కళ్లద్దాల దుకాణానికి తీసుకెళ్లి మళ్లీ చదివించాడట.

"అట్ట మార్చి పెట్టాను చెల్లెమ్మా," అన్నాడు. "అమ్మ పాత అక్షరాలే చదివింది. కింది వరుస దాకా."

నువ్వేమన్నావు అని అడిగాను. బాగా చదివావమ్మా అన్నాడట. అంతే. అద్దాలు మారిస్తే వచ్చే చూపు కాదది, తనకి తెలుసు. నాకు తెలిస్తే మిషను అమ్మిస్తానని కూడా తెలుసు. గీత అలాగే ఉంచితే ఎవరో ఒకరు అడుగుతారు, కూపీ లాగుతారు. అందుకని వారం వారం, ఎవరూ చూడకముందే, పోగొట్టేవాడు. నాకైనా చెప్పొచ్చు కదే? ఇప్పటికీ కోపమే నాకు. చెప్తే నేను ఊరుకునేదాన్నా అంటే, ఊరుకునేదాన్ని కాదులే.

మరి ఉంగరం ఎందుకు తీసేసింది అంటావా? అదే నేనూ అడిగాను. గుడ్డ మీద పోగు లేచినా పట్టేసే వేళ్లు కదా అమ్మవి. పిడి పక్కన నున్నగా ఉండాల్సిన చోట రంగు అంచు తగిలి ఉంటుంది, ఎందుకరిగిందో అప్పుడు తెలిసి ఉంటుంది అన్నాడు. నీ వేలికి ఉంగరం చూసిన రోజే నాకు అర్థమైంది అన్నాడు. తర్వాత కూడా వారం వారం ఇద్దరూ అదే కారులో వెళ్లొచ్చారు, చొక్కాల సంగతీ, ఎండల సంగతీ మాట్లాడుకుంటూ. ఆయనా చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ తలుపుకి మాత్రం చివరిదాకా రంగు వేయించలేదు అన్నయ్య. పొద్దున్నే కడిగేవాడు, తిన్నగా తుడిచేవాడు. లైటు వేసి చూడటం మానేశాడు.

ఏమే? నీళ్ల చప్పుడు ఆగింది. అయిందా కడగడం? సరే పద మరి, ఆ కళ్ల డాక్టరు ఆలస్యమైతే చూడనంటాడు. ఉండు, ముందు ఈ ఉంగరం తీసి నీకిస్తాను, కొత్త బండి నీది. ఇదేమిటి, రావట్లేదు. కణుపు వాచిపోయినట్టుంది. సబ్బు పెట్టినా వచ్చేలా లేదు. పోనీలే. ఇలా రా తల్లీ. ఈ చెయ్యి పట్టుకుని తలుపు దాకా తీసుకెళ్లు.