గట్టు దాటని గుండు

ఏలూరులో ఎయిర్‌గన్నులు అమ్మి, బాగుచేసే సుకుమార్ ఆ పొద్దున షాపు షట్టరు సగమే లేపాడు. కొల్లేటికోట నుంచి బస్సెక్కి వచ్చిన కనకమ్మ ఆ సగంలోంచే వంగి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. ఈవిడ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అతనికి తెలుసు. ఇవాళ రాకపోతే బాగుండునని రోజూ అనుకుంటూనే ఉన్నాడు పాపం. మాటలు మాత్రం రూల్స్ దగ్గర మొదలయ్యాయి.

"...అదేనమ్మా నేను చెప్పేది. కొత్త రూలు ఇంకా రాలేదు. వస్తుందంటున్నారు. వచ్చినప్పుడు చూసుకుందాం."

"వస్తే ఏం చేస్తారంటండీ?"

"గన్నులన్నీ పట్టుకురమ్మంటారంట. పవరు కొలుస్తారంట. ఎక్కువున్నవాటికి లైసెన్సు అడుగుతారంట. అన్నీ 'అంట'లే కనకమ్మ గారూ. ఫోన్లో ఒకటొస్తుంది, పేపర్లో ఇంకోటొస్తుంది."

"మరి ఇప్పుడు లైసెన్సు అక్కర్లేదా బాబూ?"

"చిన్నవాటికి అక్కర్లేదు. పవరు ఇంతకి మించకూడదని ఉంది. దానికి లోపలైతే ఆధారు జిరాక్సు తీసుకుని ఇచ్చేస్తాం."

"మా ఆయన చేతిలోది లోపలిదేనాండీ?"

"యోసేపు గారిదా? అది బంగార్రాజు గారి గన్ను కదమ్మా. చెరువులు ఆయనవి, గన్ను ఆయనది. మీ ఆయన కాపలా మనిషి. రేపు ఏదన్నా వస్తే ఆసామికే వస్తుంది. మీరేం భయపడకండి."

"భయం కాదులెండి. అడుగుతున్నాను. లోపలిదేనా అని."

"టీ తాగుతారా?"

"తాగొచ్చానండి."

"ఎండనపడి వచ్చారు. పోనీ మజ్జిగన్నా..."

"వద్దు బాబూ. అడిగినదానికి చెప్పండి."

"గట్టు దాటదమ్మా అది."

"నేను గట్టు మాట ఇంకా ఎత్తలేదు కదా బాబూ?"

"అంటే... చెరువుల దగ్గర్నుంచి వచ్చినవాళ్ళంతా అదే అడుగుతారండి. అందుకని."

"అడుగుతారా?"

"అడుగుతారు. పక్క చెరువులో మనుషులుంటారు కదా. దాటదు. నీటికాకులు చేపపిల్లల్ని మింగేస్తుంటే బెదరగొట్టడానికి ఇచ్చింది. చప్పుడు కూడా ఉండదు దానికి."

"చప్పుడు లేకపోతే ఎలా బెదురుతాయండీ?"

"అదే... తగిలితే బెదురుతాయి."

"తగిలితే చస్తాయి."

"అమ్మా, ఆ మాట బయట అనకండి. కొల్లేట్లో పిట్టని చంపితే ఫారెస్టు వాళ్ళు ఊరుకోరు."

"పిట్టని చంపితేనా."

"ఆ... అవునమ్మా."

"పాత గన్ను ఒకటుండేది బాబూ. మీ దగ్గర కొన్నదే. మడతపెట్టి గుండు పెట్టేది. అది కాలిస్తే అవతలి గట్టు చేరకుండానే నీళ్ళలో టప్పుమని పడేది. మా మధు నవ్వేవాడు. నాన్నా, నీ గుండుకి ఈత రాదు, మునిగిపోయింది చూడు అని."

"మధుబాబు సంగతి విని చాలా బాధపడ్డానమ్మా. నిజంగా. తెప్ప మీంచి జారాడన్నారు."

"అలాగే అన్నారండి అందరూ. వెదురు కర్ర తలకి కొట్టుకుని, తెలివి తప్పి మునిగిపోయాడని. ఈత వచ్చినోడు బాబూ. నడక కంటే ముందు ఈతొచ్చింది వాడికి. కొల్లేట్లో పుట్టినోడు చేపల చెరువులో మునిగిపోతాడా?"

"టైము అలా వచ్చిందమ్మా. ఏం చేస్తాం."

"మీకు మేత కట్టడం తెలుసా?"

"విన్నాను. చూళ్ళేదు."

"చెరువు నిండా వెదురు కర్రలు పాతుంటాయండి. తెప్ప మీద మేత సంచులేసుకుని కర్రకర్రకీ పోయి కట్టి రావాలి. మా వాడు కర్ర దగ్గరికి పోయినప్పుడల్లా 'ఓయ్' అని కేకేసేవాడు. గట్టు మీంచి వాళ్ళ నాన్న తిరిగి 'ఓయ్' అనేవాడు. కాపలా మనిషీ మేత మనిషీ ఉన్న ప్రతి చెరువు దగ్గరా అంతే. ఆ కేకని బట్టి మనిషి ఎక్కడున్నాడో తెలుసుకుని కాలుస్తారు."

"మంచి పద్ధతే."

"మంచి పద్ధతేనండి. ఆ పొద్దున కేక అవతలి చెరువులోంచి వచ్చింది. గట్టు అవతల. అంటే ఇవతల ఎటన్నా కాల్చుకోవచ్చు. ఇన్నేళ్ళూ అంతే కదా. నేను పాక ముందు పొయ్యి రాజేస్తున్నాను. 'ఓయ్' అన్నాడు మధు. 'ఓయ్' అన్నాడు ఆయన. మళ్ళీ 'ఓయ్' అన్నాడు. ఆయనా అన్నాడు. తర్వాత ఆయనొక్కడే అంటున్నాడు బాబూ. ఓయ్... ఓయ్... అని. అవతల్నుంచి పలకడే."

"అమ్మా, ఊరుకోండమ్మా. నీళ్ళు తాగండి. ఇదిగో."

"మీ ఫోను మోగుతోందండి."

"మోగనివ్వండి. ఎవరో కస్టమరు."

"తియ్యండి, పర్లేదు."

"తర్వాత చేస్తాలెండి. మీరు తాగండి ముందు."

"ఇది చూడండి బాబూ."

"ఏంటమ్మా ఇది? కొంగున ముడేసి..."

"విప్పుతాను ఉండండి. ఆ. ఇదీ."

"పెల్లెట్టు గుండు. నలిగిపోయింది. ఎక్కడ దొరికింది? గట్టు మీదా?"

"పెట్టెలో పెట్టేముందు మా చెల్లీ నేనూ వాడికి స్నానం చేయించాం. అది నీళ్ళు తేవడానికి పోయింది. నేను తల తుడుస్తున్నాను. చెవి వెనకాల, జుట్టు కింద, చిన్న బొప్పి. వేలికి గట్టిగా తగిలింది. నొక్కితే వచ్చేసింది."

"అయ్యో."

"మా చెల్లి వచ్చేసరికి కొంగున ముడేసుకున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పాస్టరు గారికీ చెప్పలేదు. మీకే చెప్తున్నాను."

"కనకమ్మ గారూ... ఇది... చెరువుల మీద చాలామంది దగ్గర గన్నులున్నాయమ్మా. ఎవడు కాల్చాడో, ఎటు కాల్చాడో."

"కొస మీద కాస్త ఎరుపు మిగిలింది చూశారా?"

"ఎర్ర ప్లాస్టిక్ మొన. అలాంటివి వస్తాయి."

"చాలామంది కొంటారా?"

"కొంటారు. చాలామందే కొంటారు."

"ఎవరెవరండీ?"

"పేర్లు గుర్తుండవు కదమ్మా."

"ఇది కూడా చూడండి. ఇది నలగలేదు. మా ఆయన డబ్బాలోంచి తీశాను. దీనికీ ఎర్ర మొనే."

"ఏం మాట్లాడమంటారమ్మా."

"మా చుట్టుపక్కల చెరువులన్నీ తిరిగొచ్చాను. కాపలావాళ్ళ దగ్గర కూర్చున్నాను, కబుర్లాడినట్టు. ఎవరి డబ్బాలోనూ ఎర్రవి లేవు బాబూ. ఇప్పుడు చెప్పండి. గట్టు దాటుద్దా?"

"కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాటేది కాదమ్మా. ఒట్టు. పవరు లోపలే ఉండేది."

"తర్వాత?"

"గాలి నింపే రకం అది. సైకిలు పంపు లాంటి దాంతో సిలిండరులోకి గాలి ఎక్కించాలి. లోపల చిన్న మార్పు చేస్తే ఊపు పెరుగుతుంది. బంగార్రాజు గారు చెయ్యమన్నారు. చేశాను."

"నీటికాకి కోసం అంత ఊపు ఎందుకు బాబూ?"

"నేనూ అదే అడిగాను. రేపు రూలొస్తే పెంచడానికి కుదరదు సుకుమారూ, ఇప్పుడే చేసెయ్ అన్నారు. ఆయనొక్కరే కాదమ్మా. ఆ రూలు సంగతి వినపడ్డ దగ్గర్నుంచి అందరూ అదే పనిగా వస్తున్నారు. భీమడోలు నించి, దెందులూరు నించి, గూడెం నించి. వచ్చేలోపు పెంచేసుకుందామని. ఆ ఎర్ర మొనవి ఆయన గన్నుకే తెప్పించాను. బరువుంటాయి, దూరం పోతాయి. ఇంకెవరికీ అమ్మలేదు."

"మీరు పెంచినట్టు మా ఆయనకి చెప్పారా?"

"బంగార్రాజు గారు చెప్తారనుకున్నాను."

"ఆయన మీరు చెప్పారనుకుని ఉంటారు. కొత్తది జాగ్రత్తగా చూసుకో యోసేపూ, ఖరీదైంది అన్నారంట. అంతే. మా ఆయన రోజూ గుడ్డ పెట్టి తుడిచేవాడు."

"తప్పయిపోయిందమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను. గట్టు మీద నీటికాకి వాలి ఉంటుంది. దాన్ని చూసి కాల్చి ఉంటారు. తప్పిపోయి అవతలికి..."

"నాకు చెప్పకండి బాబూ. కళ్ళు మూసుకుంటే అదే కనబడుతోంది. రాబోయే రూలుకి భయపడి ముందే పెంచేశారు. ఆ రూలేదో పోయినేడు వచ్చుంటే నా బిడ్డ ఉండేవాడు. కొలవాల్సింది ముందు కదండీ? ఇప్పుడు ఎంత కొలిస్తే ఏం లాభం?"

"కేసు పెడతారా?"

"మళ్ళీ మోగుతోంది మీ ఫోను."

"కట్ చేస్తాను. కేసు పెడతారా అమ్మా? పెట్టండి. నేనేం అననమ్మా. నేను చేసిందానికి నేను..."

"పెడితే ముద్దాయి ఎవరవుతారు?"

"నేనూ ఉంటాను. బంగార్రాజు గారూ ఉంటారు. ముందు మాత్రం... కాల్చినాయన."

"కాల్చినాయన. నా మొగుడు. కొడుకుని మట్టిలో పెట్టి, మొగుణ్ణి జైల్లో పెట్టి, నేను ఆ పాకలో కూర్చుని ఏం చేసుకోను?"

"మరి దేనికొచ్చారమ్మా?"

"మీరు ఇందాక నాకో అబద్ధం చెప్పారు చూడండి. గట్టు దాటదని. అది నాక్కావాలి."

"అర్థం కాలేదండి."

"ఆయన సరిగ్గా లేడు బాబూ. కంచంలో అన్నం కలిపి అలాగే కూర్చుంటాడు. పొద్దున్నే గట్టెక్కి అవతలి చెరువుకేసి 'ఓయ్' అంటాడు. ఎవరూ పలకరు. మళ్ళీ అంటాడు. కొత్త మేత మనిషిని పెట్టారు, ఆ అబ్బాయి భయపడి పలకడు. గన్ను ముట్టుకోవడం మానేశాడు. నీటికాకులు చేపల్ని తింటున్నా ఊరికే చూస్తూ కూర్చుంటున్నాడు. లోపల ఏదో పురుగు తొలుస్తోంది ఆయన్ని."

"అనుమానం వచ్చిందంటారా?"

"అనుమానమే. అనుమానంతో అయితే ఈడ్చుకుంటూ బతికేస్తాడు. ఏదో ఒక రోజు మీ దగ్గరికొస్తాడు, ఇది గట్టు దాటుద్దా అని అడగడానికి. మీ మాట మీద నమ్మకం ఆయనకి. ఇందాక నాకు చెప్పినట్టే చెప్పండి. తడుముకోకుండా చెప్పండి. టీ తాగుతారా, మజ్జిగ తాగుతారా అనకండి."

"అమ్మా, ఒకవేళ ఆయనకి ఇప్పటికే..."

"ఇప్పటికే?"

"ఏం లేదమ్మా."

"తెలీదు బాబూ ఆయనకి. తెలిస్తే నా మొహం చూడగలడా? నేను పెట్టింది తినగలడా? పాపం, నిన్న నా తలకి కొబ్బరినూనె రాశాడండి. ఎన్నడూ రాయనోడు. తెలిస్తే ఆయన బతకడు. మాటివ్వండి."

"దాటదని చెప్తానమ్మా."

"బైబిలు మీద చెయ్యి పెట్టించి అడిగినా?"

"అడిగినా అదే చెప్తాను."

"ఈ నలిగింది మీ దగ్గర ఉంచండి. ఇంట్లో ఉంటే ఎప్పుడో ఆయన కంట పడుద్ది."

"నాకెందుకమ్మా ఇది? చూస్తూ ఎలా ఉండమంటారు?"

"రూలొచ్చాక పవరు కొలిచేవాళ్ళుంటారన్నారుగా. వాళ్ళకి చూపించండి. ఇది ఎక్కడ దొరికిందో కూడా చెప్పండి. మా ఆయన పేరు మాత్రం చెప్పకండి."

"బస్టాండు దాకా దింపుతానుండండి. బండుంది."

"వద్దండి. నడుస్తాను. మీ కస్టమరు పాపం ఇందాకట్నుంచీ చేస్తున్నాడు, మాట్లాడండి."

కనకమ్మ షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయింది. ఆవిడ మలుపు తిరిగేదాకా సుకుమార్ అలాగే నిలబడ్డాడు. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తాడు.

"హలో."

"సుకుమార్ బాబూ, ఎన్నిసార్లు చేశానండీ! ఎత్తరేం?"

"షాపులో మనిషున్నారండి."

"మా కనకమ్మేనా?"

"...అవును యోసేపు గారూ."

"ఏలూరు బస్సెక్కిందని పొద్దున్నే ఎవరో చెప్పారండి. మీ దగ్గరికేననుకుని అప్పట్నుంచీ చేస్తూనే ఉన్నాను. గట్టు మాట అడిగిందా?"

"అడిగారు."

"మొన్న నేనొచ్చి బతిమాలుకున్నట్టే చెప్పారా? దాటదని?"

"దాటదనే చెప్పానండి."

"నమ్మిందా?"

"..."

"బాబూ, నమ్మిందా?"

"నమ్మారండి."

"స్తోత్రం దేవా. మీ మేలు మర్చిపోనండి. దాటుద్దని మీరు నాకు నిజం చెప్పిన రోజు నించీ ఇదొక్కటే భయం. నాదేముంది, నేను మోస్తాను. బిడ్డ ప్రాణం నేనే తీశానని తెలిస్తే అది బతకదు బాబూ."