రెండు చోట్ల పడకూడదు

రేపల్లె స్టేషను వెనక సందులో, దర్జీ మున్నీసా ఇంటి వసారా. పేటంతా ఆమెని ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంది. జనాభా లెక్కలవాళ్ళు ఎవరైనా గుమ్మంలో నిలబడి రాసుకుపోతారు. ఈ పేట లెక్కలు రాసే ప్రసూన టీచరు మాత్రం ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఇవాళ కూడా చాప మీద గోడకి చేరగిలబడింది.

"ఇంకా ఒప్పుకోలా నీ యాపు?"

"లేదాపా. ఎర్రగీత చూపిస్తోంది. మీ వివరాల్లో ఎక్కడో తప్పుందట."

"నాలో తప్పులు పట్టడానికి మా అత్త ఉండేది. ఆవిడ పోయాక ఇదిగో, నీ ఫోను తయారైంది. సరే, అడుగు."

"పుట్టిన ఊరు?"

"నిన్నా చెప్పా, మొన్నా చెప్పా. పెనుమూడి. నేను పుట్టినప్పుడు వంతెన లేదు, అవతలికి పోవాలంటే పడవే. అది కూడా రాసుకో."

"దానికి గడి లేదాపా."

"ఉండదులే. మాతృభాష ఉర్దూ. అడక్కుండానే చెప్తన్నా."

"ఇంట్లో మాట్లాడేది కూడా అదేనా?"

"ఇంట్లో ఎవరితో మాట్లాడను? మిషనుతోనా? దానికి తెలుగే వచ్చు. తిడితేగాని తిరగదు."

"పనికి వెళ్ళే చోటు ఎంత దూరం?"

"మంచం దగ్గర్నుంచి మిషను దాకా."

"ఎలా వెళ్తారు? నడకా, సైకిలా, బస్సా, ఆటోనా?"

"నడుం పట్టేసినరోజు డేకుతా. దానికేమన్నా గడి ఉందా?"

"నవ్వించకండాపా. ఇది మామూలు పనేం కాదు. ఇదివరకు కాగితాల మీద రాసుకెళ్తే లెక్క తేలేసరికి ఏళ్ళు పట్టేది. ఇప్పుడు నేనిక్కడ నొక్కితే ఢిల్లీలో పడుతుంది."

"నా నడుం నొప్పి ఢిల్లీవాళ్ళేం చేసుకుంటారమ్మా? టీ పెట్టనా?"

"వద్దండి."

"నిన్నా వద్దనే రెండు గ్లాసులు తాగావు. సన్న సెగ మీద పెట్టేశాలే. ఊరికే కూర్చోకపోతే ఆ ఎర్రజాకెట్టుకి హుక్కులు కుట్టు. చెరుకుపల్లి పెళ్ళివాళ్ళది, చీకటి పడేలోగా వస్తారు."

"నాకు రాదాపా."

"ఇన్నాళ్ళు చూస్తన్నావుగా, వచ్చుద్ది. సూది ఇటు తే, దారం ఎక్కిస్తా. ఆదివారం మీ ఆయన వచ్చాడా తెనాలి నుంచి?"

"పనుందట ఆయనకి."

"పోయిన ఆదివారమూ పనే."

"అంగలకుదురులో స్థలం చూస్తున్నారు. ఆ తిరుగుడు."

"ఎవరి పేరు మీద కొంటన్నాడు?"

"ఆపా, ఇప్పుడు మతం అడగాలి."

"ఇప్పుడే నమాజు చేసి లేచినదాన్ని పట్టుకుని మతం అడుగుతావా? మాట దాటెయ్యడం బాగా వచ్చు నీకు."

"రూలాపా. కళ్ళకి కనపడినా సరే, అడిగే రాయాలి."

"రాయి మరి. నేనడిగింది మాత్రం వదిలెయ్యి. అదిగో, నీ ఫోను మోగుతంది."

"మా సూపర్‌వైజరు నరసింహారావు గారు. ఒక్క నిమిషం... సార్, నమస్తే సార్... అవును సార్, ఒక్క ఇల్లే మిగిలింది... లేదు సార్, తాళం వేసి లేదు. మనిషి ఉంది... ఉంటుంది సార్, ఎక్కడికీ వెళ్ళదు... వివరాలన్నీ తెలుసు సార్. చివర్లో ఒక్కటి ఆగింది, అంతే... అవునా సార్? బాపట్లలో కూడా కనిపిస్తోందా?... సారీ సార్... ఐదింటికా? సరే సార్. ఐదింటిలోగా పంపించేస్తాను... తప్పకుండా సార్."

"తిట్టాడా?"

"లేదు, మంచాయనే. బాపట్ల ఆఫీసులో గోడకి పెద్ద టీవీ పెట్టారట. రాసేసిన ఇళ్ళన్నీ పచ్చచుక్కలుగా కనపడతాయట. ఈ పేటలో ఒక్కటే ఎర్రచుక్క. ఆఫీసరు వచ్చినప్పుడల్లా 'అదేంటి, అదేంటి' అని అడుగుతున్నాడట. ఐదింటికి మూసేస్తారు."

"ఆ ఎర్రచుక్క నా ఇల్లా?"

"ఈ హుక్కు వంకరపోయిందాపా."

"హుక్కు సంగతి తర్వాత చూద్దాం. నా ఇల్లేనా?"

"ఆఁ... మీదే."

"చూడు టీచరమ్మా. ఎదురింటి స్టెల్లా వాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళ తాతకి ఎప్పుడు పుట్టాడో ఆయనకే తెలీదు. ఇద్దరు పిల్లలకి ఒకటే పేరు. ఆ ఇంటి లెక్క ఒక్కపూటలో తేల్చి, మంచినీళ్ళన్నా తాగకుండా బయటికొచ్చావు. నేను చూశా. నేనేమో ఒంటికాయ సొంఠికొమ్ములా ఒక్కదాన్నే ఉన్నా. నా ఒక్కదాని లెక్క తెగట్లేదంటే నమ్మమంటావా?"

"సర్వరు ప్రాబ్లమాపా..."

"సర్వరు మీద ఒట్టెయ్యి. వెయ్యవుగా. నా ఇల్లు ఎప్పుడు పచ్చబడింది?"

"మొదటిరోజేనాపా."

"మరి ఎర్రగా ఉన్నదెవరిది?"

"ఈ సందు చివర. మేడ మీద గది."

"నువ్వుండే గదా?"

"నేనుండేదే."

"ఊరందరి లెక్కా రాసి, నీ లెక్క నువ్వు రాసుకోలేదా? ఏం, చదువుకున్నదానివి, నీకు చెప్పేదేముంది? పేరు రాసి నొక్కెయ్యటమేగా."

"అది కాదాపా. ఒక మనిషి రెండు చోట్ల పడకూడదు. ట్రైనింగులో మొదట చెప్పిందే అది. ఈసారి ఎవరికివాళ్ళు ఫోన్లో రాసుకోవచ్చుగా, తెనాలిలో మా ఇంటి లెక్క ఆయనే నింపుతానన్నారు. అందులో నా పేరు వేసుంటే, నేనిక్కడ వేసుకోకూడదు."

"ఉండేది ఇక్కడైతే అక్కడెట్లా వేస్తాడు?"

"రూలు ప్రకారం వెయ్యకూడదు."

"మరింకేం?"

"వెయ్యకూడదు కానీ, పొరపాటున వేసుంటే..."

"వేసుంటే?"

"వేసుంటే ఇంకా నేను ఆ ఇంటి మనిషినేనని అనుకుంటున్నట్టేగా ఆపా. తప్పు రాసుంటే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నా. లెక్కలు రాసేదాన్ని నేనే, చూడండి నా తెలివి."

"అడగొచ్చుగా ఆయన్నే?"

"మెసేజ్ పెట్టా. చూశారు."

"చూసి?"

"చూశారు, అంతే."

"స్టేషను వెనకే ఉన్నావు. బండెక్కితే తెనాలిలో దిగుతావు. వెళ్ళి అడగలేకపోయావా?"

"పోయిన నెల వెళ్ళాను. మా అత్తగారు బాగానే పలకరించారు. కాఫీ ఇచ్చారు, స్టీలు గ్లాసులో కాదు, చుట్టాలకిచ్చే కప్పులో. నా గదిలో మినుముల బస్తాలు వేశారు. కూర్చోవడానికి చోటు చూపించబోతే నాకే సిగ్గేసింది. అదే బండి తిరిగి రేపల్లె వస్తుందిగా, ఎక్కేశాను."

"ఏమన్నా గొడవపడ్డారా?"

"గొడవా? గొడవైతే ఎవరో ఒకరు సర్దేవాళ్ళు. నాకు రేపల్లె ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు స్టేషనుకొచ్చి పెట్టె ఎక్కించారు. వారం వారం వచ్చేవారు. తర్వాత నెలకి. తర్వాత ఫోను. ఎక్కడ తెగిందో నాకు తెలీదాపా. తెలిస్తే అక్కడ పట్టుకుని కుట్టుకునేదాన్ని."

"ఇది చెప్పుకోటానికి నా ఇల్లే దొరికిందా?"

"చెప్పుకోవడానికి రాలేదు. మొదటిరోజు ఇంట్లో ఎంతమంది అనడిగితే, 'ఒక్కదాన్నే' అన్నారు. బాబిన్ మార్చుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నారు. అంత తేలిగ్గా ఎలా అన్నారా అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను గదిలో అద్దం ముందు నిలబడి అనబోతే నోరు రాలేదు. మళ్ళీ ఒకసారి మీ నోట విందామని మర్నాడు వచ్చాను. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

"మీ టీ అలవాటైందాపా."

"తేలిగ్గా అన్నాననుకున్నావా? తల ఎందుకు ఎత్తలా మరి? ఎత్తితే మొహం కనపడుద్దని. మా ఆయన పోయిన కొత్తలో ఎవరొచ్చి అడిగినా ఇద్దరమనే చెప్పా. రేషన్ షాపులో ఇమాముద్దీన్ వేలిముద్ర ఏదంటే, ఊరెళ్ళాడన్నా. ఏ ఊరంటే పెనుమూడన్నా. ఆ డీలరు ఖబరస్తాన్‌కి వచ్చి ఆయన గోరీ మీద మట్టి వేసినవాడే. ఏమీ అనలా. పాపం, 'వచ్చాక వేయించమ్మా' అన్నాడు."

"మీకు మొదట్నుంచీ తెలుసా, నా యాపు కబుర్లు?"

"తెలీకేం?"

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేంటి?"

"అడిగితే రావడం మానేస్తావుగా."

"ఆపా..."

"ఆపా లేదు, గీపా లేదు. టైమెంతైంది? చెయ్యి మీ ఆయనకి ఫోను."

"వద్దాపా."

"చెయ్యకపోతే ఎట్లా? బాపట్లలో గోడ మీద ఎర్రగా వెలుగుతా కూర్చుంటావా? స్పీకరు పెట్టు. హుక్కు కుడతానే మాట్లాడొచ్చు. నేను మిషను తొక్కుతుంటా, నాకేం వినపడదు."

"రింగవుతోంది... హలో, ఏమండీ?"

"ఏంటి ప్రసూనా? ఆఫీసులో ఉన్నా. చప్పుడేంటి అక్కడ?"

"కుట్టుమిషనండి. ఒక్క మాట. జనాభా లెక్క ఫోన్లో నింపుతానన్నారుగా."

"ఆఁ, నింపేశా. పోయిన వారమే."

"ఎంతమందిని వేశారు?"

"అంటే?"

"ఇంట్లో ఎంతమంది అని వేశారు?"

"అమ్మ, నేను. ఎందుకు?"

"ఏం లేదు. నేనిక్కడ వేసుకుంటున్నా. రెండు చోట్ల పడకూడదని అడిగా."

"పడదులే. నీ మెసేజ్ చూసి మళ్ళీ సరిచూసుకున్నా. కరెక్టుగానే ఉంది. ఇంకేమన్నా ఉందా?"

"అంతేనండి."

"బాగానే ఉన్నావుగా?"

"ఆఁ. మీరు?"

"బాగానే ఉన్నా. ఉంటా మరి, సార్ పిలుస్తున్నారు."

"పెట్టేశారు. మిషను ఆపేశారేంటాపా?"

"దారం తెగింది."

"విన్నారుగా?"

"విన్నా. చెడ్డగా ఏమీ మాట్లాడలా."

"అదేనాపా. చెడ్డగా ఏమీ మాట్లాడరు. సరిచూసుకున్నారట కూడా."

"ఏడిస్తే ఏడువు. ఆ జాకెట్టు మీద మాత్రం పడనీకు, పట్టుది, మరకలు పడతయ్. ఆ... ఇంక చాలు. ఫోను తియ్యి. నీ ప్రశ్నలన్నీ నాకు నోటికొచ్చేసినయ్. నేనడుగుతా, నువ్వు నొక్కు. పేరు?"

"మీకు తెలుసుగా."

"రూలమ్మా. కళ్ళకి కనపడినా అడిగే రాయాలి. పేరు?"

"ప్రసూన."

"పుట్టిన ఊరు?"

"తెనాలి."

"మాతృభాష తెలుగు, ఏసుకో. పనికెళ్ళే చోటు దూరమా?"

"స్కూలు దగ్గరే. నడకే."

"పెళ్ళయిందా?"

"అయింది... ఇదిగో, ఇక్కడేనాపా రోజూ ఆగుతున్నది. 'వివాహిత అన్నారు, భర్త పేరు ఈ ఇంట్లో లేదు, సరిచూసుకోండి' అంటోంది."

"ఇప్పుడే ఆయన సరిచూసుకున్నానన్నాడుగా. నువ్వూ చూసుకో."

"చూసుకున్నా. లేదు. నొక్కేశా."

"ఇంట్లో మొత్తం ఎంతమంది? ఉండు, ఊరికే నొక్కెయ్యకు. టీచరమ్మా, ఇది నోటితో చెప్పాలి. నా చేత చెప్పించావుగా."

"రావట్లేదాపా."

"నా మొహం చూడకు. ఆ హుక్కు చూస్తా చెప్పు. నేను చెప్పింది అట్లాగే."

"ఒక్కదాన్నే."

"వినపళ్ళా."

"ఒక్కదాన్నే ఆపా. నేనొక్కదాన్నే."

"నొక్కు మరి."

"నొక్కా."

"పోయిందా ఢిల్లీకి?"

"తిరుగుతోంది... పోయింది. పచ్చబడింది."

"హమ్మయ్య. ఇంక ఆ బాపట్ల ఆఫీసరుకి నిద్ర పడుద్ది. ఉండు, టీ పొంగిపోతంది."

"ఆపా, మెసేజ్ వచ్చింది."

"ఎవరు, మీ ఆయనా?"

"కాదు. లెక్కలవాళ్ళే."

"ఏమంటా?"

"'మీ కుటుంబ వివరాలు నమోదయ్యాయి. ధన్యవాదాలు' అని... కుటుంబం అన్నారాపా."