చూలు గేదెకి వేడి చేస్తుందని

ముక్తేశ్వరంలో సత్యవేణి పశువుల పాక. పశువులాసుపత్రిలో పనిచేసే జాయ్ వచ్చేసరికి సత్యవేణి తన గేదె గౌరి మెడ పట్టుకుని కూర్చునుంది. ఆ పిల్లను చూడగానే ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"ఇంకా ఎందుకొచ్చేవమ్మా? చూడు, దవడ కింద నీరు ఎలా దిగిపోయిందో! నిండు చూలుతో లేవలేకపోతంది నా తల్లి."

"మేత ముట్టుకుందాండీ?"

"ముట్టుకుంటే నీతో పోట్లాటెందుకు? నీ మందే ముంచేసింది. జబ్బు గేదెకైతే వాము, ఇంగువ ఉండలు చేసి బోదె కాలవలో నత్తలకి పెట్టమన్నావు. వీధి వీధంతా నవ్వేరు."

"కార్జంలో చేరే జలగ ముందు నత్త కడుపులోనే పెరుగుతుందండీ. అక్కణ్ణుంచి నీళ్లలోకొచ్చి గట్టు గడ్డికి అంటుకుంటుంది. ఆ గడ్డి తిన్న గొడ్డుకి..."

"తెలుసులే, ఎన్నిసార్లు చెప్తావు! వానలు మొదలైన దగ్గర్నుంచి ఉండలు వేస్తానే ఉన్నాను. రెండు గేదెలకీ మీ ఆసుపత్రి మందు కూడా తాగించేను. మరి ఇదేంటి?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి. మీ బోదెలో నత్తల్ని మైక్రోస్కోపులో చూసేం. ఒక్కదాంట్లోనూ పురుగు లేదు."

"లేదా?"

"లేదండి. ఉండల మందు పనిచేసింది."

"పనిచేస్తే దీనికిలా ఎందుకైంది? ఆ వట్టిపోయిన ముసలి గేదెని చూడు. మొన్నటిదాకా పారుకుంటూ పడుండేది, ఇప్పుడు కుడితి గోళెం నాకేస్తంది. దానికి తగ్గి దీనికి రావడమేంటమ్మా? దేవుడికి కళ్లు లేవా?"

"ముసలిదానికేం వేస్తున్నారండి?"

"మా బోదె గట్టు గడ్డే."

"గౌరికి?"

"గడ్డేనమ్మా. గేదెకి బిర్యానీ పెడతారా?"

"ఏ గడ్డండీ?"

"ముందు సూదేదో వెయ్యి తల్లీ, నీకు దణ్ణం పెడతాను. అదిగో, కళ్లు తేలేస్తంది!"

"డాక్టరుగారు బయల్దేరేరండి, వచ్చేస్తున్నారు. సత్యవేణిగారూ, ఏ గడ్డండీ?"

"మంచి గడ్డే. లేతగా ఉంటుంది. నేనే కోసుకొస్తాను."

"ఎక్కణ్ణుంచండి?"

"ఎక్కణ్ణుంచైతే ఏంటమ్మా ఇప్పుడు?"

"చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది."

"మురుగు కాలవ అవతలి గట్టునుంచి."

"అయ్యో! అక్కడ మందు వెయ్యలేదు కదండీ! అక్కడన్నీ నత్తలే కదండీ!"

"వెయ్యలేదనే వెళ్లేనమ్మా. వాము, ఇంగువ తగిలిన గడ్డి చూలు గేదెకి వేడి చేస్తుందని, కడుపు పోతుందని భయమేసి... ముసలిదానికి ఏమైతే ఏంటిలే అని దానికి బోదె గట్టు గడ్డేసి, నా గౌరికి మాత్రం నడుంలోతు నీళ్లలో దిగి, నా చేత్తోనే ఏరి ఏరి కోసుకొచ్చేను."