చీలమండ పట్టు

తెనాలిలో ఒక డాబా మీద, పొద్దు పొడవకముందు. ఆదివారం బాపట్లలో రేపల్లె జట్టుతో కబడ్డీ ఫైనల్. మనోహర్ ఇంకా వజ్రాసనం దగ్గరే ఉన్నాడు.

"కూర్చున్నారా?"

"కూర్చున్నా."

"ఎక్కడండీ? మీకూ మీ మడమలకీ మధ్య నుంచి పిల్లి దూరిపోయేట్టుంది."

"మెల్లగా మాట్లాడు బిందూ. పక్క డాబా మీద యాకోబు గారు నడుస్తుంటారు. నేను పెళ్ళాం దగ్గర యోగా నేర్చుకుంటున్నానని తెలిస్తే టిఫిన్ల వేళకల్లా పేటంతా చెప్పేస్తారు."

"చెప్తే ఏంటంట? జిమ్ములో అద్దం ముందు నిలబడి కండలు చూసుకునేటప్పుడు లేదా ఈ సిగ్గు?"

"అది వేరు, ఇది... అబ్బా! ఇవి కాళ్ళు కావే, కొయ్యలు."

"కొయ్యలే మరి. బరువులెత్తీ ఎత్తీ, గ్రౌండు చుట్టూ పరిగెత్తీ పరిగెత్తీ వానకి ఉబ్బిన తలుపుల్లా చేసుకున్నారు. వేద్దామంటే పడవు, తీద్దామంటే రావు."

"ఇప్పుడు బరువులు మానెయ్యమంటావా?"

"ఎవరన్నారు? అవీ చెయ్యండి. వాటితోపాటు ఇదీ చెయ్యండి అంటున్నా. ఎప్పట్నుంచో అంటున్నా. మొన్న మా తమ్ముడు పట్టుకున్నాక గానీ చెవికెక్కలేదు."

"పొద్దున్నే ప్రణీత్ పేరెత్తకు."

"నేనేం ఎత్తాను? వాడే మిమ్మల్ని ఎత్తాడు."

"నవ్వు, నవ్వు. రేపల్లెలో, మీ ఊళ్ళో, మీ అమ్మ ముందు, మీ పిన్నుల ముందు! కూతకెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే చీలమండ దొరకబుచ్చుకుని పడేశాడు. ఒకసారి కాదు, వెళ్ళినప్పుడల్లా. రాత్రి అన్నం దగ్గర మీ అమ్మేమో, 'ఇంకో ముక్క వేసుకోండి అల్లుడుగారూ, నీరసంగా ఉన్నారు' అంది."

"అమ్మ ప్రేమగా అందండీ."

"ప్రేమగానే అంది. అదే కదా బాధ."

"ఊపిరి బిగబట్టకండి. వదలండి, వదలండి... మెల్లగా. మీ కూత కూడా ఇలాగే. బయలుదేరినప్పుడు లారీ హారన్‌లా ఉంటుంది, అవతలి లైనుకి వెళ్ళేసరికి దోమ పాటైపోతోంది."

"వింటున్నావా అంత శ్రద్ధగా?"

"చెవులున్నాయిగా. ఇప్పుడు గొంతుక్కూర్చోండి. మడమలు నేలకి ఆనాలి."

"ఆనిస్తే వెనక్కి పడతా."

"పడరు. చేతులు ముందుకి చాపి..."

"పడ్డా."

"కనపడుతోందండీ. లేవండి."

"బిందూ, నవ్వకుండా ఒక మాట విను. నిన్న హేమంత్ వచ్చాడు మన ఎరువుల కొట్టుకి."

"మీ కెప్టెనా?"

"కెప్టెనే. వాడికి కూత పెట్టడం నేర్పిందే నేను. 'అన్నా, బాపట్లలో చూద్దాం. ఈసారి కూడా దొరికిపోతే ఇక కుర్రాళ్ళకి వదిలేద్దువుగానిలే' అన్నాడు."

"...అంత మాటన్నాడా?"

"నవ్వుతూనే అన్నాడులే. వాడెళ్ళాక డీఏపీ అడిగినాయనకి యూరియా బస్తా ఎత్తించా. ఆయన బండి మీద సగం దూరం పోయి వెనక్కొచ్చాడు."

"అయ్యో... సరే, ఇటు జరగండి. గోడ పట్టుకుని కూర్చోండి ఈసారి. ఆ, అలా. ఎడమ మడమ ఇంకొంచెం దించండి."

"దిగట్లా."

"దిగుతుంది. దాన్ని తిట్టకండి, బతిమాలండి."

"ఒకటి అడుగుతా. ప్రణీత్ ఎట్టా వంగుతున్నాడే అంత మెత్తగా? పోయినేడు వాడూ నాలాంటి కొయ్యే. ఈ ఏడు చూస్తే మట్టగిడస చేపలా జారిపోతున్నాడు, చేతికి దొరికితే కదా."

"రేపల్లె నీళ్ళు."

"ఏ నీళ్ళూ చెయ్యవు ఆ పని. ఎవరో కోచ్ దొరికాడు వాడికి."

"దొరికుంటాడు. మడమ లేచింది, చూసుకోండి."

"ఎవరు?"

"నాకేం తెలుసు?"

"రోజూ మాట్లాడతావుగా వాడితో."

"ఏదో... కూరలు అవీ అడుగుతాడు."

"తెల్లారి అయిదింటికి కూరలేంటి?"

"అమ్మకి ఒంట్లో బాగోనప్పుడు వాడే వండుతాడుగా."

"అందుకని వీడియో కాలా?"

"ఊపిరి వదలండి."

"వదిలా. మొన్న నేను నీళ్ళ కోసం లేస్తే నువ్వు హాల్లో ఫోను కుర్చీ మీద నిలబెట్టి, ఒంటి కాలు మీద నిలబడి ఉన్నావు. ఏ కూర అది?"

"వీపు నిటారుగా పెట్టండి."

"బిందూ."

"ఊఁ."

"ఇటు చూడు."

"నేను చూస్తే మీరు మళ్ళీ పడతారు."

"వాడికి యోగా నేర్పుతోంది నువ్వేనా?"

"వాడు అడిగాడు, నేర్పాను. మీకు అడక్కుండానే చెప్పాను. 'పడుకుని చేసేది కూడా వ్యాయామమేనా' అన్నారు. గుర్తుందా?"

"అసలు నువ్వు నాకు పెళ్ళానివా, వాడికి అక్కవా?"

"రెండూనండి. ఆ ముడి వేసింది మీరేగా."

"ఆదివారం ఎవరు గెలవాలంటావ్ మరి?"

"అడక్కండి."

"అడుగుతున్నా."

"మీరు దొరక్కూడదు. వాడు ఓడకూడదు."

"రెండూ ఎట్టా కుదురుతాయే?"

"అందుకేగా నాకు నిద్ర పట్టనిది. నేను లేచి, మిమ్మల్నీ లేపుతోంది."

"...కోపం వస్తోంది గానీ, లేచి అరుద్దామంటే మోకాళ్ళు లేవట్లేదు."

"మంచిదే. అలాగే ఉండండి, కోపం కూడా కిందకి దిగుతుంది."

"పోనీ, యోగా నువ్వే నేర్పావనుకో. యోగాతో ఒళ్ళు వంగుతుంది, అంతే. ఆ పట్టు మాత్రం యోగాలోది కాదు."

"ఏ పట్టు?"

"తెలియనట్టు! రెండు చేతుల్తో చీలమండ పట్టి, భుజం తెచ్చి పిక్కకి ఆనించి ఒక్క తోపు తోస్తాడు. ఇక అంతే, చెట్టు నరికినట్టు పడటమే. కాలేజీ రోజుల్నుంచీ ఆడుతున్నా, ఎక్కడా చూళ్ళేదు అట్టాంటి పట్టు. అది ఎవరో బాగా ఆడినాయన దగ్గరుండి నేర్పిందే. ఆయన్ని కలవాలి. కాళ్ళు పట్టుకునైనా విరుగుడు అడగాలి."

"పిక్కకి కాదు."

"ఆఁ?"

"భుజం ఆనించాల్సింది మోకాలి వెనక. మొన్న వాడు తొందరపడి కిందకి ఆనించాడు. సరిగ్గా ఆనించుంటే మీరు ఇంకా గట్టిగా పడేవాళ్ళు."

"నువ్వెప్పుడు చూశావ్? నేను కూతకెళ్ళినప్పుడల్లా కళ్ళు మూసుకున్నావని మీ పిన్ని చెప్పిందే!"

"వాడి భుజం ఆనగానే మూసుకున్నాను. తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి."

"...ఎట్టా తెలుసు?"

"ఏం లేదులెండి. మడమ దించండి."

"మడమ సంగతి తర్వాత. ఎట్టా తెలుసు బిందూ?"

"పెళ్ళిచూపులప్పుడు మీ వాళ్ళు పాటలొచ్చా అని అడిగారు. ఆటలొచ్చా అని ఎవరూ అడగలేదు."

"అంటే?"

"ఆ పట్టు నాదండీ. స్కూల్లో జిల్లా కబడ్డీ పోటీలు ఆడినప్పటిది. కాలు ఇటివ్వండి. దాన్ని ఎలా విడిపించుకోవాలో తమ్ముడిక్కూడా చెప్పలేదు."