మెలిక

పశువుల కొట్టం. అత్త, మామ, పశువైద్యుడైన అల్లుడు. మధ్యలో ఈనలేక నిలబడిన గేదె.

“పొద్దున్నుంచీ నొప్పులు పడి, ఇప్పుడు ముక్కడం కూడా మానేసిందని చెప్పండి ఆ డాక్టరుగారికి.”

“ఆయన నీ అల్లుడే. మూరెడు దూరంలో ఉన్నాడు. నువ్వే చెప్పు.”

“రెండేళ్ళ కిందట అంత మాటన్నవాడితోనా? మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను.”

“విన్నాను మామయ్యగారూ. నీటి సంచి బయటికొచ్చిందేమో అత్తయ్యగారిని అడగండి.”

“వచ్చిందా?”

“వస్తే ఆసుపత్రికి ఫోనెందుకు చేయిస్తానని చెప్పండి.”

“రాలేదట బాబూ.”

“తోక పట్టుకోండి, చెయ్యి పెట్టి చూస్తాను... ఊఁ... లోపలికి పోయేకొద్దీ దారి బిగుసుకుపోతోంది. తడిబట్ట పిండినట్టు మడతలు.”

“ఏమంటాడు? ఏమంటాడండీ?”

“గర్భసంచి మెలికపడింది. కుడివైపుకి.”

“అయ్యో నా తల్లీ! దూడ బతికుందా?”

“వేళ్ళ కొసకి గిట్ట తగిలింది. నొక్కితే వెనక్కి లాక్కుంది. ఉంది.”

“కడుపు కోసి తీస్తాడేమో...”

“ముందు దొర్లించి చూద్దాం మామయ్యగారూ. కుడిపక్క మీద పడుకోబెట్టి, పొట్టకి చెక్క ఆనించి, ఒకరు దాని మీద నిలబడాలి. గేదెని కుడివైపుకే తిప్పుతాం. చెక్క లోపలి సంచిని ఆపుతుంది, ఒళ్ళు తిరుగుతుంది, మెలిక విడుతుంది. ముందుకాళ్ళ తాడు నాది, వెనకకాళ్ళది మీది. చెక్క మీదికి... కాస్త బరువైన మనిషి...”

“ఎవరివంక చూస్తున్నాడండీ?”

“గోడవంక చూస్తున్నాడే.”

“నాకు తెలీదా? ఆ రోజు ఆ మాట, ఈ రోజు బరువు!”

“అత్తయ్యగారూ, దూడకి టైము లేదు.”

“ఏ చివర నిలబడాలి? చెప్పు, తొందరగా చెప్పు!”

“ఒట్టు తీసి గట్టున పెట్టావా?”

“మీరు నోరు మూసుకుని తాడు పట్టండి!”

“ఒకటి, రెండు... లాగండి!”

“అమ్మో! నేనూ దొర్లుతున్నాను!”

“దిగకండి! చెక్క మీద నడుస్తూ ఉండండి!”

“నడవడానికి ఇదేమన్నా రోడ్డా?”

“ఆగండి, చూస్తాను... సగం విడింది. ఇంకోసారి.”

“ఇంకోసారా!”

“లాగండి మామయ్యగారూ!... విడిపోయింది! చెయ్యి సాఫీగా పోతోంది. కాళ్ళు రెండూ దొరికాయి, తలా దారిలోనే ఉంది. ఇక అది ముక్కినప్పుడే లాగుదాం.”

“ముక్కవే తల్లీ! ఊఁ... ఊఁ...”

“అత్తయ్యగారూ, మీరు ముక్కక్కర్లేదు.”

“పడింది! కదలదేం? ఊపిరేదీ?”

“ముక్కులో జిగురుంది, తుడవండి. గడ్డితో ఒళ్ళు రుద్దండి. ఇంకా గట్టిగా!”

“తుమ్మింది! తుమ్మిందండీ! పెయ్యదూడ!”

“మాయ దానంతటదే పడుతుంది. ఎవరూ లాగొద్దు. రేప్పొద్దుటికీ పడకపోతే ఫోన్ చెయ్యండి.”

“చేతులు కడుక్కో బాబూ. నీళ్ళు నేను పోస్తాను.”

“అత్తయ్యగారూ, ఆ రోజు నేనన్నది తప్పే. క్షమించండి.”

“పోనీలే అందామంటే పోయే మాటా అది? తలుపు వెనకనుంచి విన్నాను. ‘ముసలిదైపోయింది మామయ్యగారూ, దీన్ని వదిలించుకుని వయసులో ఉన్నదాన్ని తెచ్చుకోండి’ అన్నావు. అప్పటికి నాకు యాభై కూడా నిండలేదు!”

“మీకా? నేను పళ్ళు చూసి చెప్పానండీ.”

“నా పళ్ళు నువ్వెప్పుడు చూశావు?”

“ఈ గేదె పళ్ళు! వయసు పళ్ళు చూసే కదా చెప్తాం! లెక్క తప్పింది.”

“...గేదెనా అన్నావు?”

“మరెవర్ననుకున్నారు?”

“ఏవండీ. ఇటు చూడండి. పక్కనే ఉన్నారుగా ఆ రోజు. గేదెనన్నాడని మీకు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ రెండేళ్ళు నోరు విప్పలేదా!”

“ఎలా విప్పమంటావే? నీ తిట్లన్నీ ఆ అబ్బాయికే సరిపోయేవి. పెళ్ళయ్యాక నేను ప్రశాంతంగా బతికిన రెండేళ్ళు అవే!”