జేబు అంచున ముప్పై ఆరేళ్ళు

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం జూన్ నెల ఆరో తేదీ, సోమవారం ఉదయం, మన మడతకత్తుల కర్మాగారపు నమూనాల విభాగంలో ఒక సన్నపాటి యువకుడు డ్రాఫ్ట్స్‌మన్‌గా ప్రవేశించారు. మెరుగుపెట్టే షెడ్డును ఆనుకొని ఉన్న ఆ గదికి అప్పట్లో ఒకే ఒక్క కిటికీ ఉండేది. దాని దగ్గరి బల్లలన్నీ పెద్దలవి కావడం చేత, కొత్తగా వచ్చిన వీరికి తలుపు వెనక బల్లా, ఎవరూ ముట్టుకోని పనీ దక్కాయి. ఆ పని పేరు క్లిప్పు. ఆ తలుపు వెనక ఆరంభమైన ఉద్యోగ జీవితం నేడు ప్రధాన నమూనాకర్త హోదాలో సగౌరవంగా పరిపూర్తి అవుతున్న ఈ శుభవేళ, మనమంతా “జేబు మాస్టారు” అని నోరారా పిలుచుకునే ఆ సహృదయులను అభినందించే భాగ్యం ఈ సంచికకు కలిగింది.

ఈ సంచిక చదవబోయే కుటుంబ సభ్యుల కోసం ఒక్క మాట. మడతకత్తి జేబు అడుగున తాళంచెవులతో కలిసి దొర్లకుండా, దానిని జేబు అంచుకు తగిలించి నిలబెట్టే వేలెడంత ఉక్కు పట్టీయే క్లిప్పు. కత్తి కొనేవారు పదును చూస్తారు, పిడి చూస్తారు, మడిచినప్పుడు టక్కుమనే చప్పుడు విని మురిసిపోతారు. క్లిప్పు ఊసెత్తేవారు మాత్రం కానరారు. అది జేబు చింపిన నాడు మాత్రం కత్తి చేసినవాడి ఏడు తరాలనూ తలుచుకుంటారు. అటువంటి నిష్ఠూరపు పనిని ఎవరో అంటగట్టారని సణుక్కోకుండా, అదే తన విద్య అనుకొని నెత్తిన పెట్టుకున్నారు మాస్టారు.

తాను గీసిన ప్రతి క్లిప్పునూ ముందుగా తన ప్యాంటు జేబుకే తగిలించుకొని తిరగడం వారి పద్ధతి. నడిచేవారు, మెట్లెక్కేవారు, బస్సులో ఇరుక్కుని కూర్చునేవారు, తాళంచెవుల కోసం అదే జేబులో చెయ్యి పెట్టి వేలి కణుపులు గీరుకుపోతే పళ్ళ బిగువున ఓర్చుకునేవారు. “బల్ల మీద గీత బాగుంటే సరిపోదు, కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది దాని బండారం,” అనేవారు. మన క్యాంటీన్ కుర్చీల కుడిచేతుల మీద నేటికీ కనిపించే గీతలన్నీ వారి తొలినాటి క్లిప్పుల చేవ్రాళ్ళే. ఆ గీతల పుణ్యమా అని క్లిప్పు మొన లోపలికి ఒదిగింది, పట్టీ సన్నబడింది, అంచులు నునుపుదేరాయి. జేబులో ఉన్నంతసేపూ గట్టిగా పట్టుకోవాలి, చేతిలోకి వచ్చాక అసలున్నదన్న సంగతే అరచేతికి తెలియకూడదు అన్నది వారు ఆ రోజుల్లోనే పెట్టుకున్న నియమం.

ఇక వారికి ఆ బిరుదు ఎలా వచ్చిందంటారా? బజారుకు వెళితే మాస్టారి చూపు మనుషుల ముఖాల మీద నిలవదు, జేబుల మీద వాలుతుంది. “మీతో రోడ్డు మీద నడవాలంటే భయమేస్తోందండీ. ఎదురొచ్చినవాళ్ళ జేబులకేసి అలా గుడ్లప్పగించి చూస్తే ఏమనుకుంటారు? ఏదో ఒకరోజు జేబుదొంగనుకుని పట్టుకుపోతారు మిమ్మల్ని, నేను విడిపించను!” అని వారి సతీమణి ఒకసారి మన వార్షిక విందులో అందరి ఎదుటా దులిపేశారు. ఆ మర్నాటి నుంచి వారు జేబు మాస్టారు. క్రమంగా నమూనాల విభాగపు ఉపాధిపతిగా, తరువాత ప్రధాన నమూనాకర్తగా ఎదిగారు. ఎడమచేతి వాటం వారి కోసం క్లిప్పును అటు నుంచి ఇటు మార్చుకునే ఏర్పాటును పట్టుబట్టి సాధించారు. హోదాలు మారినా బిరుదు మాత్రం మారలేదు.

అయితే వారి వృత్తి జీవితానికి మకుటాయమానమైన క్లిప్పు పుట్టింది మన కర్మాగారంలో కాదు, ఒక పూల దుకాణంలో. మాస్టారి సతీమణి రెండు వీధులు కలిసే మూలన, గాజు తలుపు వెనక, బక్కెట్ల నిండా కాడలు నిలబెట్టిన చిన్న దుకాణాన్ని పెళ్ళికి ముందు నుంచే నడుపుతున్నారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాడలు ఏటవాలుగా కోయడం, ఆకులు గీరడం, దారం తెంపడం. అన్నింటికీ ఆమె వాడేది మన కత్తే, అది ఉండేది ఆమె ఏప్రాన్ జేబు అంచున. కొన్నేళ్ళ క్రితం కీళ్ళవాతం ఆమె వేళ్ళ మీద పడింది. ఒక మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళిన మాస్టారు దారపుండ కోసం సొరుగు లాగితే, అందులో తాను చేసిన క్లిప్పు, దాని మరలతో సహా విడిగా పడి ఉంది. కత్తి మాత్రం విప్పినది విప్పినట్టే బల్ల మీద, రాలిన ఆకుల మధ్య ఉంది.

“ఇదేంటి, ఊడిపోయిందా?” అని అడిగారు.

“ఊడిపోలేదండీ, నేనే ఊడదీశా. మీ క్లిప్పు మంచిదే, నా వేళ్ళే మంచివి కావు. రెండు వేళ్ళతో పట్టి లాగాలంటే ప్రాణం పోతోంది.”

“మరి కత్తి ఇలా విప్పి పడేస్తే ఎలా? ఆకుల్లో చెయ్యి పెట్టావంటే?”

“అందుకే ఈ ఏడాదితో కొట్టు మూసేద్దామనుకుంటున్నా. మీకెలా చెప్పాలా అని ఆగా,” అన్నారామె, ఆయనకేసి చూడకుండా ఒక కాడ సర్దుతూ.

ఆ మాట మాస్టారి గుండెల్లో గుచ్చుకుంది. ఊరూరా జనం జేబులకు తగిలించుకుంటున్న తన పనితనం తన ఇంట్లోనే సొరుగు పాలైంది; అంతకన్నా పెద్ద బాధ, పూలు లేని భార్యను ఆయన ఏనాడూ ఊహించుకోలేదు. “వేళ్ళు మార్చడం నా వల్ల కాదు. క్లిప్పు నా చేతిలో పనేగా! ఒక్క ఏడాది ఓపిక పట్టు, కొట్టు మూసే మాట ఆ తరవాత చూద్దాం,” అని వచ్చేశారు.

చెప్పినంత తేలిక కాలేదు. ముందు పట్టీ బిగువు తగ్గించారు. ఆమె వంగగానే కత్తి బుడుంగుమని బక్కెట్లో పడింది. బిగువు పెంచితే వేళ్ళు ఏడ్చాయి. అసలు చిక్కు మరొకటుంది. కొత్త నమూనా ఏది ఇచ్చినా ఆమె నవ్వుతూ “బాగుందండీ” అనేవారు. ఆయన శ్రమ చూసి మనసొప్పక అన్న మాట అది. రెండ్రోజుల తరువాత ఆ క్లిప్పు కూడా సొరుగులో మిగతావాటి పక్కన చేరేది. ప్రపంచంలో ఎవరి జేబునైనా నమ్మవచ్చు గానీ, కట్టుకున్నామె చెప్పే మెచ్చుకోలును నమ్మరాదని మాస్టారికి ఆ నెలల్లో తెలిసొచ్చింది.

చివరకు పట్టు దొరికింది పట్టీలో కాదు, పిడిలో. చెయ్యి జారకుండా మనం పిడి అంతటా గరుకు పెడతాం. క్లిప్పు కింద కూడా ఆ గరుకే ఉండడంతో మధ్యన ఇరుక్కున్న గుడ్డ నలిగి, కత్తిని రానీయడం లేదు. క్లిప్పు తాకేంత మేర పిడిని నునుపు చేశారు. పట్టీ ఒక్కచోటే, గుండ్రంగా, గుడ్డను అదిమేలా వంచారు. తానే ఏళ్ళ క్రితం లోపలికి ఒదిగించిన మొనను మళ్ళీ కాస్త బయటికి తెచ్చి, కుర్చీని గీరకుండా చెంచా అంచులా వెడల్పుగా, లోతు తక్కువగా మలిచారు. ఇక రెండు వేళ్ళతో లాగనక్కర్లేదు. కింది నుంచి బొటనవేలితో తోస్తే కత్తి పైకి వస్తుంది.

ఈ నమూనాను యజమాని గారి సమక్షంలో ప్రదర్శించిన నాటి ఉదంతం మనలో చాలామందికి కళ్ళకు కట్టినట్టుంటుంది. అమ్మకాల విభాగాధిపతి కత్తిని ఒకసారి తోసి చూసి పెదవి విరిచారు.

“ఇంత తేలిగ్గా వచ్చేది అంత తేలిగ్గా పడిపోతుంది కూడా మాస్టారూ! మనిషి కాస్త ఒంగాడంటే కత్తి నేల మీదుంటుంది.”

“ఒంగితేనేనా?” అన్నారు మాస్టారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఏం చేయబోతున్నారో ఎవరికీ అంతుపట్టేలోగా గోడ దగ్గరికి వెళ్ళి, చేతులు నేలకానించి, ఆ వయసులో, టై కట్టుకున్న మనిషి, శీర్షాసనం వేసేశారు! తలకిందులుగా తపస్సు చేయడమంటే ఏమిటో మనం ఆనాడు కళ్ళారా చూశాం. జేబుల్లోంచి చిల్లర, దువ్వెన, కలం, రెండు మరలు, సగం కొరికిన పిప్పరమెంటు బిళ్ళ గలగలా రాలాయి. కత్తి మాత్రం కదల్లేదు.

“మాస్టారూ, ముందు దిగండి! నడుం పట్టేస్తుంది!” అని యజమాని గారు కుర్చీలోంచి లేచారు.

“ఆయన్ని తియ్యమనండి ముందు,” అన్నారు మాస్టారు ఎర్రబడ్డ మొహంతో, నేల మీద నుంచే. అమ్మకాల విభాగాధిపతి బిక్కుబిక్కుమంటూ ఒక్క బొటనవేలితో తోశారు. కత్తి సుతారంగా వారి చేతిలోకి జారింది. గది చప్పట్లతో మారుమోగింది. దిగడం మాత్రం మాస్టారి వల్ల కాలేదు. ఇద్దరం చెరో కాలూ పట్టి దించవలసి వచ్చింది. అనుమతి పత్రంపై సంతకం ఆ పూటే జరిగింది.

అందరూ అభినందిస్తుంటే వారి ముఖంలో మాత్రం తృప్తి పూర్తిగా కానరాలేదు. “జేబు ఒప్పుకుంది. వేళ్ళు ఒప్పుకోవద్దూ?” అన్నారు. అడిగితే “బాగుందండీ” అనే సమాధానమే వస్తుందని వారికి తెలుసు. అందుచేత తొలి విడత తయారైన నాడు ఒక కత్తిని ఇంటికి తీసుకెళ్ళి, మర్నాటి ఉదయం ఆమె చూడకుండా ఏప్రాన్ జేబుకు తగిలించి, విప్పి పడేయవద్దని తాను పోరగా ఆమె నొప్పికోర్చి మళ్ళీ జేబుకే తగిలించుకుంటున్న పాతదాన్ని దాచేశారు. సెలవు పెట్టి దుకాణానికి వెంట వెళ్ళారు. బక్కెట్లు కడిగే మిషతో మూలన నిలబడి, పరీక్ష ఫలితం కోసం నిలుచున్న పిల్లవాడిలా ఆమె చేతికేసే చూస్తున్నారు.

ఆమె వచ్చినవారితో కబుర్లాడుతూ కత్తి తీశారు, కాడ కోశారు, మడిచి జేబుకు తగిలించారు. మళ్ళీ తీశారు. ఒక్కసారీ ఆగలేదు, ఒక్కసారీ మొహం చిట్లించలేదు, ఒక్కసారైనా జేబుకేసి చూడలేదు. మధ్యాహ్నానికి మాస్టారు ఇక ఉగ్గబట్టుకోలేకపోయారు.

“ఎలా ఉంది?”

“ఏది?” అన్నారామె.

“క్లిప్పు.”

ఆమె కిందికి చూసి, చేతిలో ఉన్నదేమిటో అప్పుడు గమనించి, అలాగే స్టూలు మీద కూర్చుండిపోయారు. “ఇది కొత్తదా? పొద్దుట్నుంచి నొప్పి లేదేంటా అనుకుంటున్నా. డాక్టరుగారి మందు ఇన్నాళ్ళకి పనిచేసిందనుకున్నానండీ!” అన్నారు నవ్వుతూనే, కళ్ళు తుడుచుకుంటూ. ఈ సంగతి మాస్టారే క్యాంటీన్‌లో మనకు చెప్పారు. ముప్పై ఆరేళ్ళలో వారికి దక్కిన ప్రశంసలన్నీ ఒక ఎత్తు, “ఏది?” అన్న ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

నేడు మన కర్మాగారం నుంచి వెలువడే ప్రతి కత్తి మీదా ఆ క్లిప్పే ఉంది. మాస్టారి వద్ద పని నేర్చుకున్నామని చెప్పుకోవడం మనందరికీ గర్వకారణం. దుకాణం మూసే మాట ఆ ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. నేటి వీడ్కోలు సభకు పూలగుత్తులు మరెక్కడైనా చెప్పిస్తామని, ఆ ఒక్కరోజైనా ఆమెను తీరిగ్గా ముందు వరుసలో కూర్చోమని మన ఉద్యోగుల సంఘం వారు వెళ్ళి అడిగితే, “మా ఆయన చేతికి వేరే కొట్టు పూలా? ఎవరికి చెబుతున్నారు మీరు!” అని కోప్పడి పంపేశారట. కనుక నేడు వేదికపై మాస్టారు అందుకుంటున్న గుత్తులలో ఉన్న కాడలన్నీ, ఒక్కటి మిగలకుండా, ఆమె స్వహస్తాలతో కోసినవే. ఆ చేతులకు నొప్పి ఎన్నడూ తెలియకుండా, ఆ దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో, గాజు తలుపు వెనక ఒకరినొకరు కసురుకుంటూ, నవ్వుకుంటూ నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని మన కర్మాగారం యావత్తూ మనసారా కోరుకుంటున్నది.